వసూలు కాని బాకీలు

బ్రిటిష్ ఇండియా కాలపు వెయ్యి రూపాయల నోటు, పదివేల రూపాయల నోటు సేకరణదారులకు కలలోకి వచ్చే వస్తువులు. అరుదైనవి కాబట్టి విలువైనవి, విలువైనవి కాబట్టి చరిత్రకు గొప్ప సాక్ష్యాలు అనే వరస ఒకటి ఆ లోకంలో స్థిరపడిపోయింది. మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. మూడోదే నిలబడదు. నోటంటే సర్కారు రాసిచ్చిన బాకీ పత్రం. తెచ్చినవాడికి అడిగిన తక్షణం ఇన్ని రూపాయలు చెల్లిస్తామని దాని మీద అచ్చువేసి ఉంటుంది. తెచ్చినవాడు అడిగాడు, సర్కారు చెల్లించింది అనుకుందాం. అప్పుడు ఆ నోటును రద్దుచేస్తారు, నంబరు పుస్తకంలో సరిచూసుకుంటారు, చివరికి తగలబెడతారు. పని సక్రమంగా నెరవేర్చిన నోటుకు గతి అదే. కనుక ఇవాళ వేలంపాటల్లో కనిపించే అసలు పెద్ద నోటు ఏదైనా, ఎవరో ఏ కారణం చేతనో వసూలు చేసుకోని బాకీ. ఇలాంటి మినహాయింపుల్ని పోగుచేసి, ఆ రోజుల్లో డబ్బు ఇలా నడిచిందని తీర్పు చెప్పడం కుదరదు. నెల్లూరు తీరం లాంటి చోటి గురించైతే అసలే కుదరదు. ఎందుకంటే ఇక్కడ పెద్ద నోటు ఎంత బాగా పనిచేస్తే అంత త్వరగా మాయమయ్యే ఏర్పాటు ఉండేది.

ఆ ఏర్పాటు అర్థం కావాలంటే ముందు వెండి బరువు తెలియాలి. మద్రాసు రాజధానిలో కంపెనీ లెక్కలు చాలాకాలం చుక్క వరహాల్లో, పణాల్లో, కాసుల్లో నడిచాయి. 1818లో వరహాను పక్కకు తప్పించి వెండి రూపాయిని ప్రామాణికం చేశారు. నూరు వరహాలకు మూడు వందల యాభై రూపాయలని మారకం కట్టారు. 1835 చట్టంతో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. దాని తూకం 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. ఆ లెక్కన వెయ్యి రూపాయలు పదకొండున్నర కిలోల పైచిలుకు. పదివేలు 116 కిలోలు దాటుతాయి. పాత మద్రాసు తూకంలో చెప్పాలంటే ఇంచుమించు 83 వీశెలు, పది మణుగుల పైమాట. పదివేల రూపాయల నోటు గురించి మాట్లాడేటప్పుడు దాని కొనుగోలు శక్తి ఎంతో, దానితో ఎన్ని ఎకరాలు వచ్చేవో లెక్కలు వేయడం మామూలు. ఆ నోటు పుట్టింది ఏదీ కొనడానికి కాదు. ఇద్దరు మనుషులు మోయలేని వెండిని ఒక కవరులో పెట్టడానికి పుట్టింది.

నెల్లూరు జిల్లాలో రైతు కిస్తీ కట్టేది ఈ వెండితోనే. గ్రామ మునసబు వసూలు చేసి తాలూకా ఖజానాకు పంపేవాడు. అక్కడినుంచి జిల్లా ఖజానాకు, ఖర్చులు పోగా మిగిలింది మద్రాసుకు. ప్రతి మజిలీలోనూ ఎంచాలి, నాణెం మంచిదో కాదో చూడాలి, సంచుల్లో కట్టి ముద్రవేయాలి, బళ్ళకెత్తాలి, కాపలా పెట్టాలి. రైలు రాకముందు ఈ ప్రయాణమంతా ఎద్దుబళ్ళ మీద, స్వర్ణముఖి, కాళంగి లాంటి ఏళ్ళు దాటుకుంటూ సాగేది. ఇది ఒక దిక్కుకు పోయే వెండి. ఇదే తీరాన ఎదురు దిక్కున వచ్చే వెండి ఇంకొకటి ఉంది. నెల్లూరు బియ్యం, ఉప్పు, శ్రీహరికోట కట్టెలు మద్రాసుకు చేరేవి. మద్రాసుకు ఉత్తరంగా 1806 ప్రాంతంలో తవ్విన కాక్రేన్ కాలవ పోనుపోను పైకి సాగి, 1876-78 కరువు పనుల తర్వాత బకింగ్‌హాం కాలవగా పేరు మార్చుకుని, సముద్రం పక్కనే పడవల దారి అయింది. సరుకు మద్రాసుకు పోతే దాని ధర నెల్లూరుకు రావాలి. అంటే శిస్తు రూపంలో వెండి దక్షిణానికి, సరుకు ధర రూపంలో వెండి ఉత్తరానికి ఒకే దారిలో ఎదురెదురుగా పోతున్నాయన్నమాట. రెండు బళ్ళ వెండి కావలి వాళ్ళతో సహా దారిలో ఒకదాన్నొకటి పలకరించుకుని పోవడం కన్నా తెలివితక్కువ పని ఉండదు. వర్తకులు ఈ సంగతి సర్కారు కన్నా ఎన్నో తరాల ముందే గ్రహించారు. ఒక ఊళ్ళో కట్టిన డబ్బును మరో ఊళ్ళో ఇమ్మని వర్తకులు రాసే హుండీ చేసే పని అదే. నోటు వచ్చి హుండీ చేసే పనికి సర్కారు ముద్ర కొట్టింది, అంతే.

1861 నాటి పేపర్ కరెన్సీ చట్టం 1862 మార్చి 1 నుంచి అమలైంది. అంతకుముందు 1843లో పుట్టిన మద్రాసు బ్యాంకు తన నోట్లు తాను వేసేది. ఈ చట్టంతో బ్యాంకుల చేతినుంచి ఆ హక్కు పోయి సర్కారుకు దఖలు పడింది. పథకం రాసిన ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860లోనే కన్నుమూశాడు. తర్వాత వచ్చిన శామ్యూల్ లేంగ్ దాన్ని మార్చి గట్టెక్కించాడు. నాలుగు కోట్ల రూపాయల దాకా సర్కారు సెక్యూరిటీలు ఆధారంగా ఉండవచ్చు, ఆపైన వేసే ప్రతి రూపాయి నోటుకూ ఖజానాలో లోహం ఉండి తీరాలి అన్నది కట్టుబాటు. విక్టోరియా బొమ్మతో వచ్చిన మొదటి వరస నోట్లు పది, ఇరవై, యాభై, నూరు, వెయ్యి. చేత్తో తయారుచేసిన కాగితం ఇంగ్లండులోని లావర్‌స్టోక్ మిల్లుది. ఒకవైపే అచ్చు, రెండు దేశభాషల్లో విలువ. దొంగనోట్లు బయలుదేరడంతో 1867లో బొమ్మ లేని కొత్త వరస తెచ్చారు. అందులో భాషలు నాలుగయ్యాయి, ఏ నాలుగనేది సర్కిలును బట్టి మారేది. అయిదు రూపాయల నోటు 1871 దాకా రానేలేదు. నెలజీతం పదిలోపు ఉన్నవాడికి అతి చిన్న నోటే పది రూపాయలదిగా ఉన్న కాలమది. అంటే ఆ కాగితాలు ఎవరి కోసం అచ్చయ్యాయో వేరే చెప్పనక్కర్లేదు.

సర్కిలు అనే ఏర్పాటు ఇక్కడ కీలకం. దేశాన్ని కొన్ని నోటు సర్కిళ్ళుగా విడగొట్టారు. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి, తర్వాత మరికొన్ని. ఒక సర్కిలు నోటు ఆ సర్కిలు లోపలే చట్టబద్ధంగా చెల్లుతుంది. దానికి వెండి ఇవ్వాల్సిన పూచీ అది వెలువడిన కార్యాలయానిదే. నెల్లూరులో ఉన్న మద్రాసు నోటును శిస్తు కింద ఖజానాలో కట్టవచ్చు. కానీ వెండి నాకు ఇవ్వండని హక్కుగా అడగాలంటే మద్రాసుకు పోవాలి. కలకత్తా నోటుకైతే ఇక్కడ షావుకారు వట్టం పట్టుకుని మార్చాల్సిందే. ఈ నిబంధనలు కలిపి చూస్తే నెల్లూరు తీరంలో వెయ్యి రూపాయల నోటు దారి కళ్ళకు కడుతుంది. మద్రాసులో ధాన్యం అమ్మినవాడు అక్కడ నోటు పుచ్చుకుంటాడు. నెల్లూరుకు తెచ్చి, కిస్తీ కట్టాల్సిన భూస్వామికో, సర్కారుకు డబ్బు కట్టి ఉప్పు తీసుకోవాల్సిన వర్తకుడికో ఇస్తాడు. (1805 నుంచి మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తసొత్తు కాబట్టి ఈ తీరంలో ఖజానాకు పోయే డబ్బులో దాని వాటా చిన్నదేమీ కాదు.) ఖజానాకు చేరిన నోటును అధికారి దాచుకోడు. వెండి బళ్ళకు బదులు దాన్నే మద్రాసుకు పంపుతాడు. మద్రాసు కరెన్సీ ఆఫీసులో దాని కథ ముగుస్తుంది. నోటు ఎంత పెద్దదైతే ఈ చక్రం అంత త్వరగా తిరుగుతుంది. పెద్ద నోటు చేతిలో ఉంచుకున్నవాడికి వడ్డీ లేదు, చిల్లర దొరకదు, పోతుందన్న భయం మాత్రం ఉంది. పాత ఇనప్పెట్టెల్లో, భోషాణాల్లో వెతికితే వెయ్యి నోటు దొరుకుతుందని ఆశపడేవాళ్ళు ఈ చక్రాన్ని మరిచిపోతున్నారు. దొరకకపోతే మన తీరం అంత పేదదా, కాగితం డబ్బు ఎరగనంత వెనకబడినదా అని నొచ్చుకునేవాళ్ళూ దాన్నే మరిచిపోతున్నారు. పెద్ద నోటు జాడలేకపోవడం ఇక్కడ అది నడిచిందనడానికి అడ్డుమాట కాదు.

ఆ భయం గురించే ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే నోట్ల మీద అది గాట్లు పెట్టి పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో నోటును టపాలో పంపాల్సి వస్తే నిలువునా రెండుగా కత్తిరించి, ఒక సగం ముందు పంపేవాళ్ళు. అది చేరిందని జవాబు వచ్చాక రెండో సగం. నంబరు రెండు సగాల మీదా ఉండేది కాబట్టి దారిలో దొంగకు ఒక్క సగం దొరికినా దానితో వాడు చేసేదేమీ లేదు. ఒక సగం పోగొట్టుకున్నవాడు మిగిలినదానితో కరెన్సీ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవచ్చు. అందినవాడు రెండు ముక్కల్నీ వెనకనుంచి కాగితం అంటించి అతికి వాడుకునేవాడు. ఒకవైపే అచ్చు కాబట్టి నోటు వీపు ఖాళీగా ఉండేది. అక్కడ ఇచ్చిన వర్తకుడి సంతకం, పుచ్చుకున్నవాడి పేరు, తేదీ, కార్యాలయం ముద్ర చేరేవి. ఇప్పుడు సేకరణ సంతలో ఈ నోటుకు పట్టే గతి చూడండి. నడిమి అతుకు ఒక లోపం. వెనక సిరా రాత ఇంకో లోపం. పిన్ను పొడిచిన రంధ్రం మరో లోపం. ఒక్కో లోపానికీ ధర ఇంత తగ్గుతుంది. మడత పడని, చెయ్యి తగలని నోటుకే అగ్రతాంబూలం. చరిత్ర కోసం చూసేవాడికి ఈ బేరం పూర్తిగా తిరగబడాలి. చెయ్యి తగలని నోటు తాను ఎక్కడికీ పోలేదని మాత్రమే చెప్పగలదు. అతుకు పడ్డ నోటు దూరం గురించి, టపా గురించి, దొంగల గురించి, ఒకరి మీద ఒకరికున్న నమ్మకం గురించి, నమ్మకం లేకపోవడం గురించి కూడా చెబుతుంది. వెనక తెలుగు సంతకం ఉన్న మద్రాసు నోటు చిక్కితే, ఎంత నలిగినా సరే, దానికి సాటివచ్చే నిగనిగలాడే నోటు లేదు.

సేకరించేవాడి కన్ను శుభ్రమైనదాని వైపే పోవడం కొత్త జబ్బు కాదు. ఈ జిల్లాలోనే దానికి రెండు వందల ఏళ్ళ పైబడ్డ ఉదాహరణ ఉంది. నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. ఆ నాణేలు దొరికినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్, పదవి దిగాక 1787 జూలైలో రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో అది అచ్చయింది. రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్ముకున్నాడు. చాలావాటిని కరిగించేశారు. ఆర్కాటు నవాబు కుటుంబం ముప్పైకి పైగా నాణేలను తిరిగి సంపాదించగలిగింది. వాటిలో ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టినాల నాణేలున్నాయి. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు తాజాగా ఉన్నాయని, కొన్ని అరిగిపోయాయని, కొన్నింటికి రంధ్రాలున్నాయని, బహుశా ఒంటిమీద నగలుగా వేసుకుని ఉంటారని డేవిడ్సనే రాశాడు. ఇష్టమైనవి రెండు ఎంచుకోమంటే ఆయన ఒక హేడ్రియన్‌ను, ఒక ఫౌస్టినాను తీసుకున్నాడు. రోము చక్రవర్తి ముఖం ఎలా ఉంటుందో చెప్పడానికి యూరప్‌లో నాణేలకు కొదవలేదు. రోము బంగారాన్ని నెల్లూరు మనుషులు ఏం చేసుకున్నారో చెప్పగలిగినవి ఆ రంధ్రాలు పడ్డవి. రంధ్రం పడ్డ నాణేల గతి ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు.

ఈ లంకెబిందె నోట్ల వాదానికి ఇంకో రకంగానూ పనికొస్తుంది. బంగారు నాణెం పాతిపెట్టి మరిచిపోతే బతుకుతుంది, బయటపడితే కరుగుతుంది. దాని శత్రువు దానిలోని లోహపు విలువే. నోటులో లోహం లేదు, కరిగించేదీ లేదు. దాని శత్రువు దాని మీద అచ్చయిన మాట. ఆ మాట నిలబెట్టుకునే సర్కారు ఉన్నంతకాలం నోటును తిరిగి ఇచ్చేయడమే లాభం. ఆ మాట పోయిన మరుక్షణం అది చిత్తుకాగితం. మాట ఉన్నప్పుడు దాచుకోవడానికి కారణం లేదు, మాట పోయాక దాచుకోవడానికి అంతకన్నా లేదు. ఈ రెంటి మధ్యనుంచి జారి వచ్చినవే సేకరణల్లో ఉన్నవి.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం వాతావరణం గురించి. ఉప్పు గాలి, తేమ, చెదలు, ఏడాది విడిచి ఏడాది తుపాను. కాగితం ఈ తీరాన నిలిచేది కాదు, అందుకే నోట్లు మిగల్లేదు, ఇందులో ఆర్థిక రహస్యమేమీ లేదు అంటారు. తేమ సంగతి నిజమే. కానీ అదే తేమలో, అవే చెదల మధ్య పందొమ్మిదో శతాబ్దపు స్టాంపు కాగితాలు, విక్రయ దస్తావేజులు, తనఖా పత్రాలు కుటుంబాల దగ్గరా, రికార్డు గదుల్లోనూ బతికాయి. కాగితం కన్నా పాత తాటాకులు బతికాయి. రాళ్ళ మీదా రాగిరేకుల మీదా ఉన్న రాతల సంగతి చెప్పేదేముంది. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాలు చూస్తే ఈ జిల్లా తన దస్తావేజుల్ని ఎంత పట్టుదలగా నిలబెట్టుకుందో తెలుస్తుంది. దస్తావేజు అట్టిపెట్టుకుంటేనే హక్కు, నోటు వదులుకుంటేనే విలువ. తేమ రెంటినీ సమానంగా తింటుంది. మనుషులు మాత్రం రెంటినీ సమానంగా కాపాడలేదు.

రెండో అభ్యంతరం గట్టిది. పెద్ద నోట్లు చేతులు మారి వెనక్కి పోయేవే అయితే, వాటిని జనం దాచుకునేవాళ్ళే కాకపోతే, 1946లో సర్కారు వాటిని రద్దు చేయాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? నిజమే, రెండో ప్రపంచయుద్ధం నా లెక్కను చెడగొట్టింది. రిజర్వు బ్యాంకు 1938 జూన్‌లో ఆరో జార్జి బొమ్మతో వెయ్యి, పదివేల నోట్లు విడుదల చేసింది. యుద్ధకాలపు లాభాలు, నల్లబజారు సొమ్ము, పన్ను ఎగవేత కలిసి ఆ నోట్లను దాపుడు సొత్తుగా మార్చేశాయి. 1946 జనవరి 12న వచ్చిన ఆర్డినెన్సు అయిదు వందలు, ఆపై నోట్లన్నింటినీ ఆ రోజు గడిచేసరికి చెల్లకుండా చేసింది. అయితే ఆ తర్వాత ఏం జరిగిందో రిజర్వు బ్యాంకు చరిత్రే చెబుతోంది. చలామణిలో ఉన్న పెద్ద నోట్ల విలువ 143.97 కోట్లు. 1947 చివరికి 134.9 కోట్ల నోట్లు మార్పిడికి వచ్చేశాయి. మిగిలింది 9.07 కోట్లు, నూటికి ఆరు పైచిలుకు. మధ్యవర్తుల చేతులమీదుగా లాభనష్టాలతో సొమ్ము చేతులు మారిందే గాని, రద్దు అనుకున్నంత రద్దు కాలేదు. దాచుకున్నవాళ్ళు కూడా చివరికి తెచ్చి ఇచ్చారు. బాకీ వసూలు చేసుకోవాలన్న ఒత్తిడి దాపరికం కన్నా బలమైనదని దీన్నిబట్టి తేలుతుంది. ఇక ఆ 9.07 కోట్ల సంగతి. అవన్నీ వెయ్యి నోట్లే అనుకుంటే తొంభై వేల ఏడు వందల కాగితాలు, అన్నీ పదివేల నోట్లే అనుకుంటే తొమ్మిది వేల డెబ్భై. దేశమంతటికీ అంతే. అందులోనూ అగ్నిప్రమాదాల్లో, వరదల్లో అప్పటికే నాశనమైనవి ఎన్నో. లెక్క చెప్పుకోవడం ఇష్టంలేక యజమానులే కాల్చుకున్నవి ఇంకెన్నో. చెల్లని కాగితానికి సేకరణ విలువ ఉంటుందని ఎరిగినవాళ్ళు 1946లో వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. కాబట్టి ఈ శేషం నెల్లూరు గురించి సాక్ష్యం చెప్పలేదు. మహా అయితే యుద్ధకాలపు పన్ను భయం గురించి చెబుతుంది. 1954లో వెయ్యి, అయిదు వేలు, పదివేల నోట్లు మళ్ళీ వచ్చాయి, 1978 జనవరి 16న మళ్ళీ రద్దయ్యాయి. అది స్వతంత్ర భారతం కథ, ఇక్కడికి అక్కర్లేదు.

మూడో అభ్యంతరం నా వాదాన్ని రెండో కొసనుంచి పట్టుకుంటుంది. నోట్లు చక్రంలా తిరిగి మద్రాసు చేరాయని ఊహించడం దేనికి, ఈ తీరం జనానికి కాగితం మీద నమ్మకమే లేదని, వెండితోనే బతికారని అనుకోవచ్చు కదా అంటారు. ఇందులో సగం ఒప్పుకోవాలి. కూలివాడు, జాలరి, చిన్న రైతు వెయ్యి నోటును చూసి ఉండరు. వాళ్ళ చేతికి కాగితం నిజంగా అందింది మొదటి ప్రపంచయుద్ధంలో, వెండి కరువై 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు వచ్చాక. ఆ వెనకే రెండున్నర రూపాయల నోటు. 1918లో నోట్లు ఇచ్చి వెండి తీసుకుందామని కరెన్సీ ఆఫీసుల ముందు జనం గుమికూడితే, అమెరికా తన ఖజానా వెండిలోంచి ఇరవై కోట్ల ఔన్సులు అమ్మి ఆదుకోవాల్సి వచ్చింది. జనం అపనమ్మకం అంత గట్టిది. అయితే ఆ అపనమ్మకం చిన్న నోటు మీద. పెద్ద నోటు వాడినవాళ్ళకు దాని మీద నమ్మకం అక్కర్లేదు, ఖజానా గుమ్మం దాకా తీసుకుపోయే ఓపిక ఉంటే చాలు. పైగా సర్కారు సర్కిలు కట్టుబాటు సడలించిన క్రమం గమనించండి. అయిదు రూపాయల నోటు 1903లో బర్మా తప్ప దేశమంతటా చెల్లేదైంది, పది, యాభై 1910లో, నూరు 1911లో. అయిదు వందలు, వెయ్యి ఆ వరసలో లేవు. దేశమంతటా చెల్లే పెద్ద నోటు అంటే ఏ కార్యాలయం మీదైనా ఒక్కరోజులో పడగల వెండి బరువు. కలకత్తాలో ఇచ్చిన నోట్లన్నీ ఒక్కసారి మద్రాసు వచ్చి వాలితే ఇక్కడి వెండి చాలదన్న జంకు సర్కారుకు ఉంది. జనం పెద్ద నోటు ముట్టనేలేదంటే ఆ జంకుకు అర్థం లేదు.

ఇక సేకరణల్లో మకుటాల్లా మెరిసేవి ఏమిటో చూస్తే వాదం ఇంకా బిగుస్తుంది. పెద్ద విలువల్లో చాలావరకు దొరికేవి నమూనా నోట్లు, ప్రెస్సు దాచుకున్న ప్రూఫులు, రద్దు ముద్రలు పడ్డవి. 1928లో నాసిక్‌లో ముద్రణాలయం మొదలయ్యేదాకా ఇండియా నోట్లు ఇంగ్లండులో అచ్చయ్యేవి. ఆ నమూనాలు అక్కడి దస్త్రాల్లోంచే సంతకు వచ్చాయి. అవి ఈ తీరం మట్టి తొక్కనేలేదు. దీనికి పరాకాష్ఠ మన హైదరాబాదుదే. వెండి కొరత కారణంగా, యుద్ధంలో సాయం చేసినందుకు కృతజ్ఞతగా 1918లో నిజాముకు సొంత నోట్లు వేసుకునే అనుమతి దొరికింది. మొదట పది, నూరు, 1919లో ఒకటి, అయిదు, 1926లో వెయ్యి. లండన్‌లో వాటర్లో కంపెనీ అచ్చువేసిన హైదరాబాదు నోట్లు మోసుకొస్తున్న ఈజిప్ట్ అనే ఓడ 1922 మే 20న ఫ్రాన్స్ తీరాన పొగమంచులో మరో ఓడ గుద్ది మునిగింది. పదేళ్ళకు ఇటలీ గజఈతగాళ్ళు దానిలోని బంగారంతో పాటు నోట్ల కట్టలూ పైకి తెచ్చారు. సముద్రపు అడుగున నానిన ఆ కాగితాలు ఇవాళ సేకరణ వస్తువులు. హైదరాబాదులో ఒక్క రోజైనా చెల్లని హైదరాబాదు నోట్లు అవి. బతికిన నోటుకూ పనిచేసిన నోటుకూ ఉన్న ఎడం ఇంతకన్నా తేటగా చూపించగల ఉదాహరణ నాకు తెలియదు.

అయితే సేకరణ వద్దంటావా అని అడగవచ్చు. వద్దని కాదు. సేకరించేవాళ్ళే లేకపోతే మొదటి వరస విక్టోరియా నోటు ఎలా ఉండేదో పుస్తకాల వర్ణనల్లోనే చదువుకునేవాళ్ళం. రెజ్వాన్ రజాక్, కిశోర్ ఝున్‌ఝున్‌వాలా కలిసి చేసిన భారతీయ కాగితపు డబ్బు జాబితా లాంటి గ్రంథం ఏ విశ్వవిద్యాలయమూ చేయలేదు. నా పేచీ ధర కట్టే పద్ధతితో, ఊరు పేరు తుడిచేసే అలవాటుతో. ఒక ఇంట్లో దొరికిన నోటు దళారి చేతికి పోగానే అది ఏ ఊరిది, ఏ పెట్టెలోది, దానితో పాటు ఏ హుండీ, ఏ రసీదు, ఏ చిట్టా పుస్తకం ఉన్నాయన్నది పోతుంది. నోటు వేలానికి, మిగతాది తూకానికి. పాత నోటుకు లక్షలిస్తామని ఫోన్లలో తిరిగే ప్రకటనలు ఈ తొందరను ఇంకా పెంచాయి. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల బేరాలు ఆడే మోసగాళ్ళను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించాల్సి వచ్చింది. ఆ ప్రకటనలు చూసి పెట్టె తెరిచినవాడు నోటు లేదని తెలిశాక మిగిలిన కాగితాలన్నీ చిత్తుకు వేస్తే నష్టం ఎంతో చెప్పలేం.

నెల్లూరు తీరపు డబ్బు చరిత్ర కోసం సేకరణ మొదలుపెట్టేవాడు పదివేల నోటు కోసం మద్రాసు, బొంబాయి వేలాల చుట్టూ తిరగడం కన్నా ముందు చేయగల పనులు వేరే ఉన్నాయి. ఖజానా రసీదులు, ఉప్పు చలానాలు, కాలవ పడవల సరుకు చీట్లు, గూడూరు ప్రాంతపు అభ్రకం వర్తకుల ఉత్తరప్రత్యుత్తరాలు, మద్రాసు షావుకార్ల మీద రాసిన హుండీలు, చెల్లింపు అయినట్టు వెనక రాసిన ప్రామిసరీ నోట్లు. వీటిలో ఎక్కడ మద్రాసు నోటు నంబరు రాసి కనిపించినా అది ఆ నోటు కన్నా ఎక్కువ చెబుతుంది. పెద్ద నోటు ఇస్తే పుచ్చుకున్నవాడు నంబరు రాసుకోవడం ఆనాటి జాగ్రత్త. నోటు తగలబడిపోయినా ఆ నంబరు, దాని పక్కన తేదీ, ఇచ్చినవాడి పేరు, దేని కిమ్మతుగా ఇచ్చాడన్నది చిట్టాలో ఉండిపోతాయి. నంబరు, తేదీ ఉన్న చిట్టాలు నాలుగైదు ఊళ్ళనుంచి దొరికినా నోటు ఎన్ని చేతులు మారి ఎన్నాళ్ళకు ఖజానాకు చేరిందో గీత గీసి చూపించవచ్చు. వాటికి వేలంలో పాటపాడేవాళ్ళు ఇప్పటికి లేరు కాబట్టి ధర కూడా అందుబాటులోనే ఉంది.